ఇచ్చేయాల్సింది ఇచ్చేసి కానుక తీసుకెళ్లండి: విశ్వాసి రోజువారీ యథార్థతకు ఒక పద్ధతి

బలిపీఠం ముందు కానుకతో నిలబడ్డాక, సహోదరుడికి మన మీద ఏదో విరోధం ఉందని గుర్తొస్తే ఏం చేయాలి? యేసు జవాబు సూటిగా ఉంటుంది. కానుక అక్కడే వదిలేయ్, ముందు వెళ్లి సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు (మత్తయి 5:23-24). ఆ వరస గమనించండి. ఆరాధనను కూడా కాసేపు ఆపమంటున్నాడు. మనం ఆ వరసను తిరగేస్తాం. ఆదివారం కన్నీళ్లతో దేవుని ముందు ఒప్పుకుంటాం, సోమవారం మాత్రం ఎవరి సొమ్ము వాళ్లకు చేరదు.

యథార్థత అనే మాటకు పాత నిబంధనలో కనిపించే హెబ్రీ పదం 'తోమ్'. సంపూర్ణంగా, ముక్కలు కాకుండా ఉండటం దాని అర్థం. అది లేకపోతే ఎలా ఉంటుందో ద్వితీయోపదేశకాండము 25:13 చూపిస్తుంది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, రెండు రకాల తూనికరాళ్లు సంచిలో పెట్టుకోవద్దంటుంది. వాడొద్దని మాత్రమే అనలేదు, సంచిలోనే ఉండకూడదంది. దగ్గరుంటే ఏదో ఒక రోజు చెయ్యి దాని మీదికి పోతుంది. మనందరి సంచిలోనూ అలాంటి రెండో రాయి ఉంటుంది. దాన్ని వెతికి తీసి పారేయడానికి కింద చెప్పిన పద్ధతి పనికొస్తుంది. సాధారణంగా మొదటి నెలంతా పాత లెక్కలకే సరిపోతుంది. ఆ తర్వాత వారానికి పావుగంట చాలు.

మొదట జాబితా

ఒక గంట ఒంటరిగా కూర్చోండి. ఫోన్‌లో కాకుండా కాగితం మీద రాయండి. అది పొరపాటున ఇంకొకరికి వెళ్లిపోదు, పని అయ్యాక చించేయవచ్చు. ముందు 139వ కీర్తన చివరి రెండు వచనాలు ప్రార్థనగా చదవండి. తర్వాత నాలుగు గడులు గీయండి: ఎవరికి, ఏమిటి, ఎంత, ఎప్పుడు.

వీటిలో 'ఎంత' అన్న గడి ముఖ్యం. "డబ్బు విషయంలో నేను అంత నమ్మకంగా లేను" అని రాస్తే ఏమీ జరగదు, అది వినడానికి మాత్రం భక్తిగా ఉంటుంది. "ఫలానా ఆయన దగ్గర తీసుకున్న దాంట్లో మూడో వంతు ఇంకా బాకీ, రెండేళ్లయింది" అని రాస్తే కాళ్లు కదులుతాయి.

ఏమీ గుర్తుకు రాకపోతే ఈ చోట్ల వెతకండి. అవతలివాళ్లు మరిచిపోయారు కదా అని మీరూ మరిచిపోయిన అప్పు. తిరిగివ్వని పుస్తకం, పనిముట్టు. మీ దగ్గర పని చేసినవాళ్లకు ఆలస్యమైన కూలి (కూలివాడి డబ్బు తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దంటుంది లేవీయకాండము 19:13). ఆఫీసులో పెట్టిన దొంగ బిల్లు, పని చేయకుండానే రాసుకున్న గంటలు. దాచిన ఆదాయం, ఎగ్గొట్టిన పన్ను (రోమీయులకు 13:7). అబద్ధపు కాగితంతో వచ్చిన సీటు, ఉద్యోగం. ఒకరి గురించి అన్న మాట, దానివల్ల వాళ్లకు పోయిన మంచిపేరు. ఇచ్చి తప్పిన మాట.

రాసేటప్పుడు పక్కన కారణాలు రాయకండి. కారణాలు చేరేకొద్దీ బాకీ చిన్నదిగా కనిపిస్తుంది.

తిరిగి ఇవ్వడం

విశ్వాసులు ఎక్కువగా దాటేసే పని ఇదే. అందుకే దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ధర్మశాస్త్రంలో ఒక తేడా ఉంది. ఎద్దును దొంగిలించి చంపినా అమ్మినా ఐదు ఎద్దులు, గొర్రెకైతే నాలుగు గొర్రెలు ఇవ్వాలి. దొంగిలించిన జంతువు ప్రాణంతో దొరికితే రెండింతలు (నిర్గమకాండము 22:1, 4). మోసం చేసినవాడు తన అపరాధం ఒప్పుకొని వచ్చినప్పుడు లేవీయకాండము 6:1-7 చెప్పే లెక్క వేరు. అసలు మొత్తం, దాని మీద ఐదో వంతు. వెయ్యి తీసుకుంటే పన్నెండు వందలు. అదీ అపరాధ పరిహారార్థబలి అర్పించే రోజునే ఇవ్వాలి. పట్టుబడినవాడికీ, తనంతట తాను వచ్చినవాడికీ మధ్య దేవుడు అంత తేడా పెట్టాడు. తలుపు తెరిచే ఉంచాడన్నమాట. జక్కయ్య ఐదో వంతుతో సరిపెట్టలేదు, ఎవరూ అడగకుండానే నాలుగింతలు ఇస్తానన్నాడు (లూకా 19:8).

మనం ఆ ధర్మశాస్త్రం కింద లేము. అయినా ఎంత కలిపి ఇవ్వాలో తోచనివాళ్లకు ఐదో వంతు మంచి కొలత. మీ దగ్గర ఉన్నన్నాళ్లూ ఆ సొమ్ము అవతలివాళ్లకు పనికిరాలేదు, ఆ నష్టానికి అది గుర్తింపు.

1. మొత్తం తేల్చండి. కచ్చితంగా గుర్తులేకపోతే ఎక్కువ వైపుకే లెక్కకట్టండి. తక్కువ వైపుకు లాగే జ్ఞాపకశక్తిని ఈ పనిలో నమ్మకండి.

2. పెళ్లయినవాళ్లు భార్యకో భర్తకో ముందే చెప్పాలి. కదిలేది ఇంటి డబ్బు. ఒక రహస్యాన్ని సరిచేయడానికి ఇంట్లో ఇంకో రహస్యం మొదలుపెట్టకూడదు.

3. ఒకేసారి ఇవ్వలేకపోతే వాయిదాల తేదీలు కాగితం మీద రాసి సంతకం చేసివ్వండి. ఫిలేమోనుకు అతని దాసుడు ఒనేసిము ఏదైనా బాకీ ఉంటే నేనే తీరుస్తానని పౌలు తన సొంత చేత్తో రాసిచ్చాడు (ఫిలేమోను 18-19). మొదటి వాయిదా మీతోపాటే తీసుకెళ్లండి. వట్టి చేతులతో వెళ్లి చేసిన ఒప్పుకోలు చాలాసార్లు అక్కడితోనే ఆగిపోతుంది.

4. వీలైతే స్వయంగా వెళ్లండి. ఏం చెప్పాలో ముందే రాసుకోండి. ఇలా ఉంటే చాలు: "ఫలానా సంవత్సరం మీ డబ్బు ఇంత తీసుకున్నాను, మీకు చెప్పలేదు. అది దొంగతనం. ఇదిగో ఆ మొత్తం, పైన ఐదో వంతు. నన్ను క్షమించమని అడుగుతున్నాను." రాసినదాంట్లో "కానీ", "అప్పట్లో పరిస్థితులు", "మీకు బాధ కలిగి ఉంటే" లాంటివి ఉంటే కొట్టేయండి. బాధ కలిగి ఉంటే ఏమిటి, నష్టం కలిగింది కదా.

5. చెప్పి ఆగండి. అవతలివాళ్లు కోప్పడవచ్చు, నెలల తరబడి మాట్లాడకపోవచ్చు. వాళ్లను క్షమించమని తొందరపెట్టకండి, వాళ్లకు వాక్యాలు గుర్తుచేయకండి. ఆ క్షణంలో "దేవుడు నన్ను క్షమించాడు" అన్న మాట నిజమే అయినా, నష్టపోయినవాళ్ల చెవికి అది వాళ్ల నోరు మూయించడంలా వినిపిస్తుంది.

అందరికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. మనిషికి ఇవ్వాల్సిన డబ్బును ఎవరికీ చెప్పకుండా కానుక పెట్టెలో వేయడం. సంఖ్యాకాండము 5:7-8లో వరస స్పష్టంగా ఉంది. ముందు నష్టపోయిన మనిషికి, ఆ మనిషి లేకపోతే దగ్గరి బంధువుకు, అలాంటి బంధువు కూడా లేకపోతేనే యెహోవాకు. మనిషి బతికి ఉండగా, చిరునామా తెలిసి ఉండగా ఆ డబ్బు కానుక పెట్టెలో వేస్తే అది ఇంకొకరి సొమ్ముతో చేసిన అర్పణ అవుతుంది.

సంస్థకు తిరిగివ్వాలంటే యజమానితోనో లెక్కల విభాగంతోనో మాట్లాడి, రసీదు తీసుకోండి. గల్లాపెట్టెలో గుట్టుగా పెట్టేస్తే అక్కడి లెక్క తేడా వచ్చి, పాపం ఏమీ తెలియని ఉద్యోగి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. పన్ను బాకీ అయితే లెక్కలు తెలిసినవాళ్ల సాయంతో సవరించిన వివరాలు సమర్పించి కట్టండి. జరిగింది చట్టపరంగా నేరమయ్యే విషయమైతే ముందు న్యాయవాదిని కలవండి. దాచడం కోసం కాదు, సరైన పద్ధతిలో సరైన చోట చెప్పడం కోసం. ఆ పనిలో ఇంకొకరి చెయ్యి ఉన్నా మీ భాగం మాత్రమే మీరు ఒప్పుకోండి. అధికారులు నేరుగా అడిగితే అది వేరే సంగతి, అప్పుడు నిజమే చెప్పాలి.

పాపం ఎంత దూరం వెళ్లిందో ఒప్పుకోలూ అంతే దూరం వెళ్లాలి. మనసులోనే ఉండిపోయిన అసూయను దేవుని ముందు ఒప్పుకోండి. "పదేళ్లుగా నువ్వంటే నాకు అసూయ" అని ఆ మనిషికి చెబితే మీ బరువు తగ్గి వాళ్ల మీద పడుతుంది. ఒకరితో అన్న మాటను ఆ ఒకరి దగ్గర సరిచేయాలి. పదిమందిలో అన్నదాన్ని ఆ పదిమంది ముందే. వివాహంలో జరిగిన ద్రోహం లాంటి పెద్ద విషయాన్ని ఒక రాత్రి ఆవేశంలో బయటపెట్టకండి. పరిణతి ఉన్న కాపరితోనో సలహాదారుతోనో ముందు మాట్లాడి, ఎలా చెప్పాలో, ఆ తర్వాత ఇద్దరికీ ఎవరు తోడుంటారో చూసుకొని చెప్పండి. అవతలి మనిషి చెయ్యి చేసుకునేవాడైతే ఒంటరిగా వెళ్లకండి.

మాట సరిచేయడం

అబద్ధం నోటి నుంచి వచ్చిందని గుర్తొస్తే, ఆ రోజే సరిచేయండి. రెండు వాక్యాలు చాలు: "ఇందాక నేను చెప్పింది నిజం కాదు. జరిగింది ఇది." వాయిదా వేయకూడదు, ఎందుకంటే అబద్ధం ఒంటరిగా నిలవదు. ఎలీషా ప్రవక్త సేవకుడు గేహజీని చూడండి. నయమాను దగ్గర వెండి, బట్టలు తీసుకోవడానికి ఒక అబద్ధం చెప్పాడు. ఎక్కడ నుంచి వస్తున్నావని ఎలీషా అడగగానే రెండోది చెప్పాల్సి వచ్చింది (2 రాజులు 5:22-25). మొదటిదాన్ని ఒప్పుకునే అవకాశం ఆ ప్రశ్నలోనే ఉంది.

సగం నిజాలను పట్టుకోవడం ఇంకా కష్టం. అబ్రాహాము తన భార్య శారాను చెల్లెలని చెప్పాడు. ఆమె తండ్రి వైపు చెల్లెలే, ఆ మాటలో అబద్ధం లేదు (ఆదికాండము 20:12). అయినా ఆమె భార్య అని తెలియక గెరారు రాజు అబీమెలెకు మోసపోయాడు. అననీయ, సప్పీరాల సంగతి చాలామంది తప్పుగా గుర్తుపెట్టుకుంటారు. కొంత డబ్బు ఉంచుకోవడం వాళ్ల తప్పు కాదు, పొలం అమ్మాక కూడా డబ్బు నీ వశంలోనే ఉంది కదా అని పేతురే అన్నాడు (అపొస్తలుల కార్యములు 5:4). కొంత తెచ్చి అంతా తెచ్చినట్టు చూపించడమే తప్పు. కాబట్టి పరీక్ష ఇలా పెట్టుకోండి. నా మాటలు నిజమా అన్నది సరిపోదు, విన్నవాళ్లు ఏమని అర్థం చేసుకున్నారు, అది నిజమా?

మౌనమంతా అబద్ధం కాదు. "అది నేను చెప్పకూడదు" అనడం నిజాయితీ గల జవాబే. ఒకరు నమ్మి చెప్పిన రహస్యం దాచడం మంచి గుణమని సామెతలు 11:13 అంటుంది. పసిపిల్లల్ని కాపాడటానికి ఫరోతో అబద్ధం చెప్పిన ఐగుప్తు మంత్రసానులు, వేగులవాళ్లను దాచి అబద్ధం చెప్పిన రాహాబు గురించి సంఘంలో శతాబ్దాలుగా చర్చ ఉంది. ఏ పరిస్థితిలోనూ అబద్ధం కూడదన్న అగస్టీను లాంటివాళ్లూ ఉన్నారు, ప్రాణం కాపాడటానికి వేరే లెక్క అన్నవాళ్లూ ఉన్నారు. ఆ చర్చ ప్రాణాపాయం గురించి. ఫోన్ మోగితే ఇంట్లో లేనని పిల్లలతో చెప్పించడం గురించి కాదు. పిల్లలు అప్పుడు నేర్చుకున్న పాఠాన్ని సండేస్కూలు చెరపలేదు.

విశ్వాసుల నోట ప్రత్యేకంగా జారే మాటలు మూడున్నాయి.

"మీకోసం ప్రార్థన చేస్తాను." అక్కడే, అప్పుడే అర నిమిషం ప్రార్థించండి. కుదరకపోతే పేరు రాసుకోండి. ఆ రెండూ చేయలేమనుకుంటే ఆ మాట అనకండి.

"దేవుడు నాతో చెప్పాడు." వాదన గెలవడానికీ, ఎవరూ ప్రశ్నించకుండా ఉండటానికీ ఈ మాట వాడితే, అది దేవుని నామాన్ని వ్యర్థంగా పలకడమే. "నాకు ఇలా అనిపిస్తోంది, మీరూ పరీక్షించి చూడండి" అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఇక సాక్ష్యంలో అంకెలు. నలభైమంది వస్తే నలభై అనండి, "వందలాదిమంది" అనకండి. స్వస్థతకు మందులు కూడా వాడి ఉంటే ఆ సంగతీ చెప్పండి. దేవుని మహిమకు మన అతిశయోక్తి అవసరం లేదు, అది బయటపడిన రోజు విన్నవాళ్లు అసలు సాక్ష్యాన్నే అనుమానిస్తారు.

వాగ్దానాల విషయంలో రెండు లేఖనాలు కలిపి చదవాలి. నష్టం వచ్చినా మాట తప్పనివాడు దేవుని గుడారంలో ఉంటాడని 15వ కీర్తన చెబుతుంది. తొందరపడి పూచీ పడ్డవాడు ఇప్పుడే వెళ్లి, తగ్గించుకొని బతిమాలి విడిపించుకోవాలని సామెతలు 6:1-5 చెబుతుంది. రెండింటికీ పొసగదనిపించవచ్చు గానీ పొసగుతుంది. మాట పుచ్చుకున్నవాడు మిమ్మల్ని విడుదల చేయగలడు, మిమ్మల్ని మీరు విడుదల చేసుకోలేరు. కాబట్టి ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే ఒప్పుకోకుండా "రేపు సాయంత్రంలోగా చెబుతాను" అనడం అలవాటు చేసుకోండి. ఒప్పుకున్నది చేయలేనని తెలిస్తే గడువు దాటాక కాకుండా ముందే వెళ్లి చెప్పండి.

పనిచేసే చోట

దానియేలు మీద నేరం మోపాలని చూసినవాళ్లకు రాజ్య వ్యవహారాల్లో తప్పు గానీ నిర్లక్ష్యం గానీ దొరకలేదు (దానియేలు 6:4). అందులో నిర్లక్ష్యం అన్న మాట మన కంటికి ఆనదు. లంచం తీసుకోకపోతే చాలనుకుంటాం. ఆలస్యంగా వచ్చి, పని సగం చేసి, భోజన విరామంలో సువార్త చెబితే పక్క కుర్చీలో ఉన్నవాళ్లు ముందు చూసేది ఆ సగం పనినే.

పైఅధికారి తప్పుడు లెక్క రాయమంటే ఏం చేయాలి? ముందు అడిగింది సరిగ్గా అర్థమైందో లేదో చూసుకోండి: "ఈ తేదీ మార్చి రాయమంటున్నారా?" కొన్నిసార్లు ఈ ఒక్క ప్రశ్నకే వెనక్కి తగ్గుతారు. తర్వాత ఆయన అవసరం ఏమిటో కనుక్కొని నిజాయితీగా తీరే దారి చూపండి. రాజు భోజనం తినకుండా ఉండనివ్వమని దానియేలు నపుంసకుల అధిపతిని మర్యాదగా అడిగాడు. అక్కడ కుదరకపోతే తమ మీద ఉంచిన నియామకుడి దగ్గరకు వెళ్లి, పది రోజులు పరీక్షించి చూడమన్నాడు (దానియేలు 1:8-14). ఎదురుతిరగలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. అయినా ఒత్తిడి ఆగకపోతే, "నేను ఇది రాయలేను" అని ఒక్క వాక్యంలో చెప్పండి. ఎప్పుడు ఏం అడిగారో, మీరేం చెప్పారో తేదీతో సహా రాసి పెట్టుకోండి.

ఆ ఒక్క వాక్యం అనడానికి వెనక కొంత సిద్ధపాటు కావాలి. జీతమంతా వాయిదాలకే పోయేవాడికి "కాదు" అనే మాట చాలా ఖరీదైనది. కనీసం మూడు నెలల ఖర్చులు పక్కన పెట్టడం కూడా యథార్థతలో భాగమే. ధైర్యం లేక లొంగినట్టు కనిపించేవాళ్లలో చాలామంది నిజానికి అప్పు వల్ల లొంగుతారు.

బహుమతులకు ఒక చిన్న పరీక్ష. తీసుకున్నట్టు మీ పైవాళ్లకీ, అదే పని కోసం ఎదురుచూస్తున్న మిగతావాళ్లకీ చెప్పగలరా? చెప్పలేకపోతే తిరిగి పంపండి. లంచం చూపున్నవాళ్లకే గుడ్డితనం తెస్తుందని నిర్గమకాండము 23:8 చెబుతుంది. అంటే తీసుకున్నాక మీ సొంత తీర్పును మీరే నమ్మలేరు.

సంఘం డబ్బు చేతిలో ఉంటే

మందిరం బాగుచేయడానికి పెట్టెలో పడిన డబ్బును రాజు ప్రధాన లేఖకుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు (2 రాజులు 12:10). యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం చందా పోగుచేసేటప్పుడు పౌలు తీతుతోపాటు ఇంకొందరిని పంపాడు. ఎవరూ తప్పు పట్టకూడదని, ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలోనూ సరిగ్గా ఉండాలని కారణం కూడా చెప్పాడు (2 కొరింథీయులకు 8:18-21).

లెక్కపెట్టడానికి ఎప్పుడూ ఇద్దరుండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. వసూలైన చోటే లెక్కపెట్టి, మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి ఇద్దరూ సంతకం చేయాలి. బ్యాంకు తెరిచిన మొదటి రోజే జమ చేయాలి. లెక్కపెట్టేవాళ్లు వేరు, పద్దు రాసేవాళ్లు వేరు, చెక్కు మీద సంతకం పెట్టేవాళ్లు వేరుగా ఉండాలి. ఒక్క రాత్రికైనా సొంత ఖాతాలో వేయకూడదు. చాలా పతనాలు దొంగతనంగా కాకుండా చేబదులుగా మొదలవుతాయి: "వారంలో తిరిగి పెట్టేస్తాను." ఇద్దరు ఉండాలన్న నియమం మంచివాణ్ని అనుమానించడానికి కాదు, ఆయన మీద నింద పడకుండా చూడటానికి. "నా మీద నమ్మకం లేదా" అని ఎవరైనా అలిగితే పౌలు మాటలే చదివి వినిపించండి.

వారానికి పావుగంట

పాత జాబితా ఒక కొలిక్కి వచ్చాక, వారంలో ఒక రోజు, ఒకే సమయానికి, నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఈ వారం ఎవరికి ఏం బాకీపడ్డాను? ఎవరి మనసులో తప్పుడు అభిప్రాయం కలిగించాను? ఏ మాట ఇచ్చి నెరవేర్చలేదు? ఎవరూ చూడనప్పుడు ఫోన్‌లో ఏం చూశాను? నాలుగో ప్రశ్నకు జవాబు తడబడుతుంటే, రాత్రిపూట ఫోన్‌ను పడకగది బయట ఛార్జింగ్ పెట్టండి. యజమాని భార్య పట్టుకున్నప్పుడు యోసేపు అక్కడ నిలబడి వాదించలేదు, వస్త్రం వదిలేసి పారిపోయాడు.

ఈ జవాబులు వినే మనిషి ఒకరుండాలి. మీరు స్త్రీ అయితే స్త్రీనే, పురుషుడైతే పురుషుణ్నే ఎంచుకోండి. మీ దగ్గర జీతం తీసుకునేవాళ్లూ, మీ మాటకు ఎదురు చెప్పలేనివాళ్లూ వద్దు. ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమాన్ని నడిపించిన జాన్ వెస్లీ అనుచరుల తరగతి కూటాలు 1742లో బ్రిస్టల్‌లో ప్రార్థనా మందిరం అప్పు తీర్చే ఏర్పాటుగా మొదలయ్యాయి. పన్నెండుమందికి ఒక నాయకుడు, వారానికి ఒక పెన్నీ వసూలు. డబ్బు కోసం ఇళ్లకు వెళ్లిన నాయకులకు ఎవరి బతుకు ఎలా ఉందో కళ్లారా కనిపించింది. అలా ఆ లెక్కల ఏర్పాటే ఆత్మల బాగోగులు విచారించే కూటంగా మారింది. మీకూ అలాంటి ఒక్కరు చాలు. "ఎలా ఉన్నారు" అని కాకుండా "ఆ వాయిదా కట్టారా" అని అడిగే అనుమతి వాళ్లకివ్వండి.

మనస్సాక్షి మరీ సున్నితంగా ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త. కొందరు ఇదే పద్ధతి పట్టుకొని, ఒకే తప్పుకు పదిసార్లు క్షమాపణ అడుగుతారు, అర్ధరాత్రి ఫోన్లు చేస్తారు, గుర్తులేని పాపాలు తవ్వుకుంటారు. ఒకసారి చెప్పి, ఇవ్వాల్సింది ఇచ్చాక ఆ వరసను కొట్టేసి తేదీ వేయండి. మళ్లీ మనసు పొడిస్తే 1 యోహాను 3:20 చదవండి, దేవుడు మన హృదయం కంటే గొప్పవాడని ఉంది అందులో. అయినా ఆలోచనలు వదలకుండా నిద్ర చెడగొడుతుంటే కాపరితోపాటు వైద్యుణ్నీ కలవండి, అది విశ్వాసం తక్కువై కాదు.

వరసలన్నీ కొట్టేశాక కాగితం చించేయండి. వాయిదాలు ఇంకా మిగిలి ఉంటే ఆఖరి తేదీ దాకా దాన్ని మీ బైబిల్లోనే, మత్తయి ఐదో అధ్యాయం దగ్గర ఉంచండి.